కాన్పు వరకే పక్కా లెక్క: దక్షిణ తెలంగాణలో బాలింత ఆరోగ్యం ఎక్కడ జారిపోతోంది

తెలంగాణలో కాన్పుల గురించి రెండు రకాల వార్తలు పక్కపక్కనే వస్తుంటాయి. మాతృ మరణాలు బాగా తగ్గాయని ఒకటి. ఆడవాళ్లలో రక్తహీనత తగ్గలేదు, సిజేరియన్ కోతలు దేశంలోకెల్లా ఇక్కడే ఎక్కువ అని ఇంకొకటి. రెండూ నిజమే. అయితే ఒకటి నిజమైనప్పుడు రెండోది ఎలా నిజమవుతుందన్న సందేహం సహజం. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఒక గర్భిణి ప్రయాణాన్ని మూడో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేవరకు గమనిస్తే ఈ చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

క్లుప్తంగా: ప్రభుత్వ వ్యవస్థ గర్భిణిని కాన్పు వరకు గట్టిగానే పట్టుకుంటుంది. బిడ్డ పుట్టాక చూపంతా బిడ్డ మీదికి మళ్లుతుంది. తల్లికి రక్తహీనత, కోత నొప్పి, దిగులు ముదిరేది సరిగ్గా ఆ దశలోనే. పుట్టింటి పురుడు, వలస, పథ్యాల వంటి స్థానిక అలవాట్లు ఈ ఖాళీని కొన్నిచోట్ల పూడుస్తాయి, కొన్నిచోట్ల పెంచుతాయి. టీకాల కోసం తల్లి ఎలాగూ వచ్చే రోజుల్లోనే ఆమెనూ పరీక్షిస్తే ఈ లోటు చాలావరకు తీరుతుంది. ఆ తర్వాత చికిత్స ఎక్కడ అందుతుందో కూడా తేల్చాలి.

తగ్గినవి, తగ్గనివి

2014-16 లెక్కల ప్రకారం తెలంగాణలో ప్రతి లక్ష సజీవ జననాలకు 81 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి ఆ సంఖ్య 43కు దిగింది. అప్పటి దేశ సగటు 97. ఆసుపత్రి కాన్పులు 97 శాతానికి చేరడం దీనికి ప్రధాన కారణం. అధిక రక్తస్రావం, గుర్రపువాతం (రక్తపోటు పెరిగి వచ్చే మూర్ఛలు), రక్తంలో ఇన్ఫెక్షన్ వంటివి గంటల్లో ప్రాణం తీస్తాయి. వాటిని అడ్డుకోవాలంటే ఆ గంటల్లో తల్లి వైద్యుల కళ్లముందు ఉండాలి. ఆ పని జరిగింది.

అదే కాలంలో, అంటే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల మధ్య మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంతకుముందు సర్వేతో పోలిస్తే ఇది తగ్గకపోగా కాస్త పెరిగింది. కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. దేశ సగటు 21.5 మాత్రమే.

మరణాల రేటుకు ఒక పరిమితి ఉంది. గర్భంతో ఉన్నప్పుడు గాని, కాన్పు తర్వాత 42 రోజుల్లోపు గాని జరిగిన మరణాలనే అది లెక్కిస్తుంది. నలభై మూడో రోజు నుంచి తల్లి ఎలా ఉందో ఆ అంకె చెప్పదు. బతికి ఉండి, మంచం దిగలేకపోతున్న తల్లి గురించి అసలే చెప్పదు. బాలింత ఆత్మహత్య చేసుకుంటే దాన్ని నేరుగా మాతృ మరణంగానే పరిగణించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో సూచించింది. మాతృ మరణాలను లోతుగా సమీక్షించే కేరళలో ప్రధాన కారణాల జాబితాలోకి ఆత్మహత్య ఎక్కింది. మిగతా రాష్ట్రాల్లో ఈ కారణం కనిపించకపోవడానికి అక్కడ ఆత్మహత్యలు లేకపోవడమే కారణం కానక్కరలేదు. అవి పోలీసు లెక్కల్లోకి వెళ్లి అక్కడే ఆగిపోతుంటాయి.

సొమ్ము ఎటు ఉంటే చూపు అటే

ప్రోత్సాహకాలు ఎలా ఏర్పాటయ్యాయో చూస్తే వ్యవస్థ దేన్ని ముఖ్యమనుకుంటుందో తెలిసిపోతుంది. 2017లో కేసీఆర్ కిట్ పథకం మొదలైనప్పుడు మగబిడ్డ పుడితే 12 వేలు, ఆడబిడ్డ పుడితే 13 వేల రూపాయలు నాలుగు విడతల్లో ఇచ్చేలా నిబంధనలు పెట్టారు. మొదటి విడత గర్భిణి పరీక్షలకు, రెండోది సర్కారు దవాఖానాలో కాన్పుకు. మూడో విడత బిడ్డకు మూడున్నర నెలల టీకాలు పూర్తయ్యాక, నాలుగోది తొమ్మిదో నెల టీకా వేయించాక. అంటే పురుడు పోసుకున్నాక తల్లి ఖాతాలో పడే సొమ్మంతా బిడ్డ టీకాతోనే ముడిపడింది. టీకాల విషయంలో ఇది మంచి ఎత్తుగడే. తల్లికి రక్తపరీక్ష చేయించుకుంటే గాని డబ్బు రాదనే షరతు మాత్రం ఏ విడతలోనూ లేదు.

ఆశా కార్యకర్త ఇంటికి వచ్చే పద్ధతీ ఇలాంటిదే. ఆసుపత్రిలో సాధారణ కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆమె ఆ ఇంటికి వెళ్లాలి. సంచిలోంచి స్ప్రింగ్ త్రాసు తీసి బిడ్డను జోలెలో వేసి తూస్తుంది. చంకలో థర్మామీటరు పెడుతుంది. గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెడుతుంది. తల్లి గురించిన ప్రశ్నలూ ఆ ఫారంలో ఉంటాయి: రోజుకు ఎన్నిసార్లు కడుపునిండా తింటోంది, రక్తస్రావం ఎంత, జ్వరం ఉందా, పాలు సరిపోతున్నాయా. మనసుకు సంబంధించి ఉన్నది ఒక్కటే: పొంతన లేకుండా మాట్లాడుతోందా, మూర్ఛలు వస్తున్నాయా అని. పొంతన లేకుండా మాట్లాడేదాకా వచ్చిందంటే వ్యవహారం బాగా ముదిరినట్టే. దిగులుతో నోరు మెదపకుండా గోడ వైపు తిరిగి కూర్చున్న తల్లి ఆ ప్రశ్నకు చిక్కదు. నలభై రెండో రోజుతో ఆ ఫారం పని కూడా అయిపోతుంది.

పుట్టింటి పురుడు: బలమూ అదే, బలహీనతా అదే

తొలిచూలు కాన్పు పుట్టింట్లో జరగాలన్న ఆనవాయితీ ఈ జిల్లాల్లో ఇప్పటికీ గట్టిగానే ఉంది. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తల్లిగారింటికి తీసుకొస్తారు. మూడో నెలకో అయిదో నెలకో బిడ్డతో సహా అత్తగారింటికి పంపుతారు. బాలింత మానసిక ఆరోగ్యానికి దీనంత మంచి ఏర్పాటు అరుదు. నీళ్లు పోసే తల్లి, రాత్రి బిడ్డను ఎత్తుకునే చెల్లెలు, వంటపని లేకపోవడం, మాట పడాల్సిన అవసరం లేకపోవడం: దిగులు దరి చేరకుండా కాపాడేవి ఇలాంటివేనని ఏ దేశపు పరిశోధన చూసినా చెబుతుంది.

రికార్డుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇదే ఏర్పాటు చిక్కు తెస్తుంది. మిర్యాలగూడ దగ్గరి ఊళ్లో పేరు నమోదైన గర్భిణి కల్వకుర్తి దగ్గరి పుట్టింటికి వస్తే ఏఎన్ఎం (సబ్ సెంటర్ నర్సు) మారుతుంది, ఆశా మారుతుంది, జిల్లాయే మారుతుంది. ఆమె వెంట వచ్చేది తల్లీబిడ్డల కార్డు ఒక్కటే. తొలి నెలల్లో హిమోగ్లోబిన్ ఎంత ఉంది, అప్పుడే నిద్ర పట్టక బాధపడిందా అన్న సంగతులు కొత్త కార్యకర్తకు తెలిసే వీలు తక్కువ. నాలుగైదు నెలల తర్వాత తిరిగి అత్తింటికి వెళ్లేసరికి, అక్కడి ఆశా దృష్టిలో ఆమె ‘కాన్పు అయిపోయిన మనిషి’. సాయం చేసే చేతులు ఒక్కసారిగా తగ్గిపోయేదీ, పొలం పిలిచేదీ, ఎవరి కంటా పడనిదీ అప్పుడే. ప్రసవానంతర దిగులు మొదటి నెలల్లోనే రావాలని నియమం లేదు. ఏడాదిలో ఎప్పుడైనా తలెత్తవచ్చు.

రెండో కాన్పుకు ఈ పుట్టింటి ఆసరా చాలామందికి దక్కదు. ఇంట్లో ఆలనాపాలనా చూడాల్సిన పెద్దబిడ్డ ఉంటుంది. పాలమూరు వైపు వలస కుటుంబాల్లో పరిస్థితి మరీ వేరు. ఎత్తిపోతల నీళ్లు అందిన మండలాల్లో వలస తగ్గినా, నారాయణపేట, కోస్గి ప్రాంతాల నుంచి ముంబై, పుణెలకు భవన నిర్మాణ పనులకు వెళ్లేవారు ఉన్నారు. మేస్త్రీ దగ్గర బయానా తీసుకున్న కుటుంబం కాన్పుకు ఊరికి వచ్చి, బాకీ తీర్చడానికి మళ్లీ బయలుదేరుతుంది. పనిచేసే చోట వారి పేరు ఏ అంగన్‌వాడీ పుస్తకంలోనూ ఉండకపోవచ్చు. 2017 సవరణతో 26 వారాలైన ప్రసూతి సెలవు చట్టం ఉద్యోగినులకు మేలు చేసింది. పత్తి ఏరే కూలికి, నాట్లు వేసే కూలికి అది వర్తించే దారే లేదు. కూలి మానేసిన ప్రతి రోజూ ఆమెకు నష్టమే.

రక్తం, కోత, నడుము

గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత, 7 కంటే తక్కువైతే తీవ్రం. కాన్పులో పోయే రక్తం ఈ లోటును ఇంకా పెంచుతుంది. సాధారణ కాన్పులో అరలీటరు వరకు, సిజేరియన్‌లో లీటరు వరకు పోవడాన్ని మామూలు హద్దుగానే చూస్తారు. అంటే తొమ్మిది గ్రాములతో ఆపరేషన్ బల్ల ఎక్కిన తల్లి దిగేసరికి ఇంకా కిందికి జారుతుంది. నిస్సత్తువ, ఆయాసం, చిరాకు, దేనిమీదా మనసు నిలవకపోవడం రక్తహీనత లక్షణాలు. దిగులు లక్షణాలూ దాదాపు ఇవే. ఒకటి ఉంటే రెండోదానికి అవకాశం పెరుగుతుందని అధ్యయనాలు సూచిస్తున్నాయి. కాబట్టి బాలింత ‘ఒంట్లో సత్తువ లేదు’ అన్నప్పుడు రక్తమూ చూడాలి, మనసూ కనుక్కోవాలి.

ఇనుము మాత్రలు గర్భంతో ఉన్నప్పుడు 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు వాడాలని జాతీయ కార్యక్రమం చెబుతుంది. మొదటి సగం గురించి అందరూ అడుగుతారు. రెండో సగం మాత్రలు డబ్బాలోనే మిగిలిపోతాయి. మింగేవారికీ ఒక చిక్కుంది. ఎర్ర మాత్ర, క్యాల్షియం మాత్ర కలిపి వేసుకుంటే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రెంటికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగే అలవాటు కూడా ఇనుమును అడ్డుకుంటుంది. అంగన్‌వాడీల్లో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనం, గుడ్డు, పాలు అందుతున్నాయి. భోజనం కేంద్రంలో తినాలన్నది పద్ధతి. పచ్చి బాలింత గడప దాటకూడదన్నది ఇంటి కట్టుబాటు. ఈ రెంటికీ పొంతన కుదరడం లేదు.

సిజేరియన్ల సంఖ్య ఇంతగా పెరగడానికి ఏ ఒక్కరినో నిందించి లాభం లేదు. మొదటి కాన్పు కోతైతే రెండోదీ కోతే కావడం, నొప్పులు భరించలేమన్న భయం, పంచాంగం చూసి ముహూర్తం పెట్టించుకోవడం, రాత్రంతా కనిపెట్టుకుని ఉండే సిబ్బంది లేకపోవడం, ప్రైవేటు ఆసుపత్రి లెక్కలు అన్నీ కలిశాయి. శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లను ప్రభుత్వ ఆసుపత్రుల్లో నియమించే ప్రయత్నాన్ని రాష్ట్రం చేపట్టింది అందుకే. అవసరమైన చోట కోత ప్రాణదాత. అనవసరమైన చోట దాని ఫలితం కుట్ల నొప్పిగా, ఆలస్యంగా మొదలయ్యే పాలుగా తల్లి మీదే పడుతుంది. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన బిడ్డలు రాష్ట్రంలో నూటికి నలభై మంది కూడా లేరు. పాలు పడలేదన్న బెంగ, పడలేదని నలుగురూ అనే మాట, ఆ తర్వాత డబ్బా పాలు: దిగులుకు తలుపు తీసేవాటిలో ఇది ముఖ్యమైనది.

నడుము నొప్పి మాట రాని బాలింత ఇల్లు ఉండదు. ‘వెన్నులో సూది పొడిచారు, అప్పటి నుంచీ ఇంతే’ అనేది సాధారణంగా వినిపించే వివరణ. సూది పొడిచిన చోట కొద్దిరోజులు నొప్పి ఉండవచ్చు గాని, ఏళ్ల తరబడి ఉండే నడుము నొప్పికి ఆ ఇంజెక్షనే కారణమనడానికి ఆధారాలు లేవు. గర్భంలో వదులైన కీళ్లు, సాగి బలం కోల్పోయిన పొట్ట కండరాలు, ఒంగి బిడ్డకు పాలివ్వడం, కోలుకోకముందే నాట్లకు వంగడం అసలు కారణాలు. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో దశాబ్దాలుగా ఫ్లోరైడు నీళ్లు తాగిన ఒళ్లకు ఎముకల నొప్పి అంతకుముందే ఉండవచ్చు. క్యాల్షియం లోటు ఉన్నచోట ఫ్లోరైడు దెబ్బ గట్టిగా తగులుతుంది. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు ఇళ్లకు వచ్చినా, పొలంలో దాహం వేస్తే బోరు నీళ్లు తాగేవారు ఉన్నారు. గర్భిణులు, బాలింతలు కనీసం తాగునీటి సీసా వెంట తీసుకువెళ్లడం మేలు.

పథ్యం

బాలింత పథ్యంలో పాతదంతా మంచిదనో, పాతదంతా చెడ్డదనో తేల్చేయడం తేలిక. నిజం మధ్యలో ఉంది. వేడినీళ్ల స్నానం, నూనె మర్దన, వెల్లుల్లి కారంతో వేడి అన్నం, నెలరోజుల విశ్రాంతి: వీటిలో అభ్యంతరపెట్టాల్సింది లేదు. నీళ్లు తగ్గించడం మాత్రం ప్రమాదకరం. పొట్ట పెరుగుతుందని, కుట్లు చీము పడతాయని రోజుకు రెండు మూడు గ్లాసులతో సరిపెట్టే ఇళ్లున్నాయి. ఫలితం మలబద్ధకం, మూత్రంలో మంట, కుట్ల మీద ఒత్తిడి. పప్పు, పెరుగు, పండ్లు, ఆకుకూరలు మానిపించడం ఇంకో తప్పు. రక్తం పట్టాల్సిన రోజుల్లోనే కంచం చిక్కిపోతుంది.

మూడు వేర్వేరు స్థితులు

కాన్పు తర్వాత మనసులో వచ్చే మార్పులన్నింటినీ ఒకే గాటన కట్టడం వల్ల గందరగోళం పెరిగింది. మాయ బయటపడ్డాక ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు రోజుల్లోనే పాతాళానికి పడిపోతాయి. నిద్ర ఉండదు. మూడో రోజు నుంచి అయిదో రోజు మధ్య కారణం లేకుండా కన్నీళ్లు, కోపం రావడం సగానికి పైగా తల్లుల్లో కనిపిస్తుంది. రెండు వారాల్లో అదే సర్దుకుంటుంది. మందులు అక్కర్లేదు, మనుషులు కావాలి.

రెండు వారాలు దాటినా వదలని దిగులు రెండోది. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోవడం, తాను తల్లిగా పనికిరానని అనుకోవడం, చచ్చిపోవాలనే ఆలోచన దీని గుర్తులు. 2017లో వెలువడిన ఒక సమీక్ష భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసి, నూటికి 22 మంది బాలింతల్లో ఇది ఉన్నట్టు అంచనా వేసింది. దక్షిణాది అధ్యయనాల్లో అంకె ఇంకాస్త ఎక్కువ. గోవాలో 2002లో వెలువడిన అధ్యయనంలో పేదరికం, భర్త హింస, ఆడబిడ్డ పుట్టడం, ముఖ్యంగా అప్పటికే ఆడబిడ్డ ఉన్నచోట మళ్లీ ఆడబిడ్డ పుట్టడం దీనికి దారితీస్తున్నట్టు తేలింది. దిగులుపడ్డ తల్లుల్లో నాలుగింట మూడొంతుల మందికి గర్భంతో ఉన్నప్పుడే ఆ ఛాయలు ఉన్నాయని కూడా ఆ అధ్యయనం చెప్పింది. అంటే కాన్పు దాకా ఆగనవసరం లేదు, ముందే కనిపెట్టవచ్చు. థైరాయిడ్ తేడా కూడా ఇలాంటి లక్షణాలే చూపుతుంది కాబట్టి ఆ పరీక్ష చేయించాలి.

మూడోది అరుదు. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండు. మొదటి రెండు వారాల్లోనే హఠాత్తుగా నిద్ర కరువవుతుంది, లేనివి కనిపిస్తాయి, బిడ్డ తనది కాదనో, ఎవరో చంపడానికి వస్తున్నారనో మాట్లాడుతుంది. ‘గాలి సోకింది’ అని దర్గాకో, భూతవైద్యుడికో చూపించడంలో పోయే రోజులు తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. ఇది ఆసుపత్రిలో చేర్చి చూడాల్సిన అత్యవసర స్థితి. చికిత్స మొదలైతే చాలామంది పూర్తిగా కోలుకుంటారు.

పరాయి చోట్ల ఏం చేశారు

మానసిక వైద్యులు లేని ఊళ్లలో ఏం చేయగలమన్న ప్రశ్నకు రావల్పిండి పల్లెలు జవాబిచ్చాయి. పాకిస్తాన్‌లోని ఆ ప్రాంతంలో, మన ఆశాల వంటి మహిళా ఆరోగ్య కార్యకర్తలకు మాటల ద్వారా చేసే చికిత్సలో తర్ఫీదు ఇచ్చారు. దిగులుతో ఉన్న గర్భిణుల ఇళ్లకు వెళ్లి, బిడ్డ బాగోగుల గురించి మాట్లాడుతూనే తల్లి ఆలోచనల దారి మళ్లించేవారు. 2008లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, ఆరు నెలలకు ఈ సాయం అందిన తల్లుల్లో 23 శాతం మందికే దిగులు మిగిలింది. అందనివారిలో 53 శాతం. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతినే మార్గదర్శిగా విడుదల చేసింది. ఇందులోని కిటుకు గమనించదగ్గది: ‘నీ మనసు బాగాలేదు’ అని తలుపు తట్టలేదు, ‘బిడ్డ కోసం’ అని తట్టారు. అత్తగారు అడ్డుచెప్పలేని మాట అది.

కేరళ ‘అమ్మ మనస్సు’ పేరుతో క్షేత్రస్థాయి నర్సుల చేత గర్భిణులను, బాలింతలను పరీక్షింపజేస్తోంది. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే ప్రత్యేక విభాగం ఉంది.

ఇక్కడ ఉన్న అవకాశం

దక్షిణ తెలంగాణలో మానసిక వైద్యం అంటే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ ఆసుపత్రే అన్న రోజులు పోయాయి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వైద్య కళాశాల ఉన్నచోట మానసిక వైద్య విభాగం ఉండాలన్నది నిబంధన. ఉచిత ఫోను సేవ టెలీ మానస్ 14416 నంబరులో 2022 నుంచి నడుస్తోంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. పాలిచ్చే తల్లులకు ఇవ్వదగ్గ మందులూ ఉన్నాయి. మందు వేసుకుంటే పాలు మాన్పించాలన్న భయం చాలా సందర్భాల్లో నిరాధారం. తల్లిని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా ఆమె నుంచి వేరు చేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

మిగిలింది తల్లిని కనిపెట్టడం. పుట్టింట్లో ఉన్నా, అత్తింట్లో ఉన్నా ఆరు, పది, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలకు బిడ్డను టీకాకు తీసుకురాని తల్లి తక్కువ.  ఆ రోజు తల్లి వేలినుంచి ఒక చుక్క రక్తం, రెండే ప్రశ్నలు చాలు: ఈ రెండు వారాల్లో మనసు తరచూ దిగులుగా ఉందా, ఏ పనిమీదా ఇష్టం పుట్టడం లేదా. ఔనన్నవారికి ఎడిన్‌బరో కొలత అనే పది ప్రశ్నల పత్రం ఉంది. 1987 నుంచి ప్రపంచమంతా వాడుతున్నారు. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి ఔనంటే మిగతా మార్కులు ఎంత ఉన్నా ఆ రోజే వైద్యుడి దగ్గరికి పంపాలి. అడిగేటప్పుడు అత్తగారు, భర్త పక్కన ఉండకూడదు. ఒకే గది ఉన్న సబ్ సెంటర్లో ఇది చెప్పినంత సులువు కాదు.

పంపడం ఎక్కడికి అన్నది అసలు సమస్య. జిల్లా కేంద్రానికి రెండు బస్సులు మారి, చంకలో బిడ్డతో, ఒక రోజు కూలి వదులుకుని వచ్చే తల్లి రెండోసారి రాదు. దేవరకొండ, అచ్చంపేట వంటి చోట్ల ఉన్న ఆసుపత్రులకు వైద్య కళాశాల నుంచి మానసిక వైద్యుడు వారానికి ఒక రోజు, అదీ టీకాల రోజే వచ్చేలా చూస్తే పంపిన తల్లికి చికిత్స అందుతుంది. ఆ ఏర్పాటు లేకుండా ప్రశ్నలు మాత్రమే మొదలుపెడితే, ఆశా చేతిలో మరో ఫారం చేరుతుంది, తల్లి చేతిలో ఎక్కడికి పట్టుకెళ్లాలో తెలియని చీటీ మిగులుతుంది.